జవాను ఇంటిబెంగ



నా చిన్ననాట మా వీధిలో ఒక సైనికుని తల్లి యుండెడిది. ఆమెకు చదువు రాదు. ఆమె భర్తకు సంతకము మాత్రమే వచ్చును. పదునాలుగేండ్ల వయస్సున నేను ఆమెకు లేఖకుడనైతిని. నెలకు రెండు పర్యాయములు, పశువులకు కుడితి పెట్టి వచ్చిన పిమ్మట, చీరచెంగుతో చేతులు తుడుచుకొనుచు, నీలిరంగు ఇన్‌లాండు కవరొకటి తెచ్చి నా ముందుంచి, తాను గోడకు చేరగిలి కూర్చుండి, కుమారుని ఎదుట కూర్చుండబెట్టుకొని మాటలాడుచున్నట్లే ఆమె చెప్పుచుండగా, నేను వ్రాయుచుండెడివాడను. చిరునామా వద్దకు వచ్చునప్పటికి ఆమెకు ఎప్పుడును ఒకటే సందేహము. కుమారుని నంబరు, హోదా, పేరు, పటాలము పేరు, ఆ క్రింద 56 ఏ.పి.ఓ. అను మూడు ముక్కలు, అంతే. ఊరు లేదు, జిల్లా లేదు, రాష్ట్రము లేదు. "ఆ యాభై ఆరు అనే ఊరు ఎక్కడుంది నాయనా? మంచు పడే చోటా, ఎండ కాసే చోటా?" అని ఆమె అడిగెడిది. అది ఊరు కాదనియు, పటాలము ఎచ్చటనున్నదో పరులకు తెలియకుండుటకై సైనిక తపాలావారు ఏర్పరచిన సంకేతమనియు ఆనాడు నాకును తెలియదు.

ఒక వేసవిలో వారి పాడిగేదె చనిపోయినది. సైన్యములో చేరక పూర్వము ఆ కుమారుడే దూడనాటి నుండి మేపి పెంచిన గేదె అది. ఆ వారము ఉత్తరము వ్రాయించునప్పుడు ఆమె గొంతు తగ్గించి, "గేదె సంగతి రాయకు నాయనా. దాని మీద వాడికి ప్రాణం. అంత దూరాన ఉన్నవాడికి ఎందుకా కబురు? వచ్చినప్పుడు చూసుకుంటాళ్లే" అన్నది. నేను వ్రాయలేదు. తరువాతి ఉత్తరమునను వ్రాయలేదు. ఆపై ఉత్తరమునను వ్రాయలేదు. కొన్ని మాసములకు సెలవుపై వచ్చిన ఆ యువకుడు నల్లని ట్రంకుపెట్టెను అరుగుపై దించి, తల్లినైనను పలుకరింపక, నేరుగా పశువులపాకకు పోయి, ఖాళీ గుంజ వద్ద కొంతసేపు నిలిచి, పిదప లోనికి వచ్చి, "ఇదేనా అమ్మా? ఇంకేమీ లేదు గదా?" అని అడిగెను. గేదె ఊసు లేని ఆ ఉత్తరములను మరల మరల చదివికొని, అమ్మ దాచుచున్నది ఏమై యుండును, తండ్రి జబ్బా, చెల్లెలి కాపురమా, పొలము తాకట్టా యని, రాత్రి కాపలాలలో నిలిచినంతసేపును అతడు తనలో తాను తర్కించుకొనుచుండెనట. అతని దేహము సరిహద్దున నిలిచియుండగా మనస్సు మా వీధి పశువులపాక చుట్టును తిరిగిన ఆ దినములు తలపునకు వచ్చినప్పుడెల్ల, ఆ ఉత్తరములు వ్రాసినది నా చేయియే గదా యని నాకిప్పటికిని మనస్సు నొచ్చుచుండును.

సైనికుల వ్యక్తిగత సమస్యలయందు వారికి ఓదార్పును, ఆలోచనను, చేయూతను ఒసంగు ఏర్పాటునే నేడు కౌన్సెలింగు అనుచున్నారు. ఈనాటి నా ప్రసంగ విషయమదియే. మాట క్రొత్తది, విషయము మాత్రము అతి ప్రాచీనము. సభాపర్వమున నారదమహర్షి ధర్మరాజు కొలువునకు వచ్చి, కుశలప్రశ్నల నెపమున అతని రాజ్యపాలన మంతయు పరీక్షించును. కోశమును గూర్చియు, కోటలను గూర్చియు, మంత్రులను గూర్చియు సాగిన ఆ దీర్ఘమైన ప్రశ్నావళిలో రెండు ప్రశ్నలు నాకెన్నడును మరపునకు రావు. భటులకు ఈయవలసిన బత్తెమును జీతమును జాగు చేయక సకాలమున ఇచ్చుచున్నావా యన్నది ఒకటి. నీ నిమిత్తము మరణించినవారి యొక్కయు, ఆపదల పాలైనవారి యొక్కయు భార్యలను పోషించుచున్నావా యన్నది రెండవది. భటుని శౌర్యమునకు పునాది అతని ఇంటి పొయ్యి యొద్దనే యున్నదని ఆ ఋషి యెరిగియుండెను. ఆ పొయ్యి చల్లారినదన్న అనుమానము కలిగిన భటుడు ఆయుధమును మోయగలడేమో కాని ఆ బరువును మోయలేడు.

సైనికుని దుఃఖమనగానే మనకు యుద్ధభూమియు, ఫిరంగి మ్రోతయు, రక్తమును స్ఫురించును. కాని సైనికుల ఆత్మహత్యలను గూర్చి పార్లమెంటున ప్రశ్నలు వచ్చినప్పుడెల్ల, రక్షణమంత్రిత్వ శాఖ ఇచ్చిన సమాధానములలో ప్రధానముగా కనిపించు కారణములు కుటుంబ కలహములు, దాంపత్య వైషమ్యములు, అప్పులు, మానసికమైన ఒత్తిడి. అనగా జవానును లోలోపల తొలుచునది తరచుగా శత్రువు కాదు, ఇల్లు. ఏటికి 60 దినముల వార్షిక సెలవును, 30 దినముల ఆకస్మిక సెలవును అతనికి కలదు. అదియును పటాలమునకు వీలైనప్పుడు ముక్కలు ముక్కలుగా లభించునదే. ఆ దినములలో కొన్ని రైలుబండిలో గడచును. తక్కిన దినములలోనే అతడు చెల్లెలి పెండ్లి మాటలు నడుపవలెను, తండ్రిని ఆసుపత్రిలో చూపవలెను, బ్యాంకునకు పోవలెను, మండల కచేరి ముందు నిలబడవలెను, భార్యకును తల్లికిని నడుమ తీర్పరి కావలెను, తన్ను చూచి ఎవరో చుట్టమని తల్లి వెనుక దాగుకొను పసిబిడ్డకు తండ్రిగా పరిచయము కావలెను. తలుపు తీసికొని ఇంటిలో అడుగిడిన దినము నుండియే తిరుగుప్రయాణపు దినము లెక్కించుకొను మనిషికి వీనిలో ఏ పని పూర్తి యగును? పూర్తికాని పనులన్నియు మూటగట్టుకొని అతడు మరల బండి యెక్కును.

మొదటి ప్రపంచ సంగ్రామమున, 1914లో ఫ్రాన్సు దేశమునకు పోయిన భారత సైనికులు స్వగ్రామములకు వ్రాసికొన్న జాబులను ఆనాటి ప్రభుత్వమువారు తనిఖీ చేయించిరి. ప్రభుత్వ ధిక్కారపు మాటల కొరకు వెదకిన ఆ తనిఖీ అధికారుల పుణ్యమున, వేలకొలది జాబుల భాగములు ఆంగ్లమునకు అనువదింపబడి నేటికిని లండను నగరమున బ్రిటిష్ గ్రంథాలయమున నిలిచియున్నవి. అందు పెక్కు, చదువురాని సిపాయిలు తోటివారికి చెప్పి వ్రాయించుకొన్న జాబులు. వానిలో యుద్ధపు బీభత్సము లేకపోలేదు. కాని బురద కందకములలో చలికి కొయ్యబారిన చేతులతో వారు విచారించినది పంటను గూర్చి, వడ్డీవ్యాపారికి చెల్లవలసిన బాకీని గూర్చి, దాయాదులతోడి వ్యాజ్యమును గూర్చి, కుమార్తె వివాహమును గూర్చి. మా వీధి జవాను పడిన బెంగకును ఆ సిపాయిల బెంగకును భేదమేమియు లేదు.

ఆ సంగ్రామముననే యూరపు వైద్యులకు మరియొక సత్యము గోచరించెను. దేహమున గాయమొక్కటియు లేకుండగనే మాటపడిపోయినవారును, వణకు ఆగనివారును, నిద్ర మరచినవారును ఆసుపత్రులకు రాసాగిరి. చార్లెస్ మైయర్స్ అను వైద్యుడు 1915లో లాన్సెట్ పత్రికయందు ఈ స్థితిని షెల్ షాక్ అను పేర వర్ణించెను. కాని వైద్యుడు జబ్బని గుర్తించినదానిని సేనాధిపతి పిరికితనమనెను. పారిపోయిరనియు, పిరికివారనియు, మరి యితర నేరములు మోపియు బ్రిటిషు సేనలు తమ సైనికులను 306 మందిని కాల్చిచంపినవి, వారిలో మనోవ్యాధిగ్రస్తులెందరో. బ్రిటిషు పార్లమెంటు వారిని క్షమించుటకు 2006వ సంవత్సరము వరకు పట్టెను. తొంబదియేండ్ల పిమ్మట, తల్లులును భార్యలును గతించిన పిమ్మట, లభించిన క్షమాభిక్ష అది. ఆ సంగ్రామకాలముననే అమెరికా సేన వైద్యుడు థామస్ సాల్మన్ గ్రహించిన సూత్రము నేటికిని శిరోధార్యము: కలతపడిన సైనికుని దూరదేశపు ఆసుపత్రులకు పంపివేయక, తన వారికి చేరువలోనే, ఆలస్యము లేకుండ, నీవు మరల కోలుకొందువన్న నమ్మకమును చూపుచు చికిత్స చేయవలెనని. చేరువ, వెంటనే, నమ్మకము: ఈ మూడు మాటలును వైద్యశాస్త్రమున కెంతయో, తల్లి ఒడికిని అంతయే చెల్లును.

ఇక మన సైన్యమున ఈ చేరువ యెట్లు సమకూరుచున్నదో చూతము. ప్రతి పటాలమునను సైనిక సమ్మేళనమని జరుగును. పాతవారు దానిని నేటికిని దర్బారు అనియే అందురు. కమాండింగు అధికారి స్వయముగా వచ్చి, జవానులందరి యెదుట కూర్చుండి, ఎవరికే కష్టమున్నను చెప్పుకొనుడని అడుగును. నలుగురిలో చెప్పుకొనరాని కష్టమైనచో అర్జీ పెట్టుకొని ఏకాంతమున ఇంటర్వ్యూ కోరవచ్చును. 1950 నాటి సైనిక చట్టము 26వ సెక్షను, తనకు అన్యాయము జరిగినదని తలచు జవాను పై అధికారికి మొరపెట్టుకొను హక్కును శాసనముగనే ప్రసాదించినది. పటాలములందు ధర్మగురువులుందురు, పండిత్, మౌల్వీ, గ్రంథీ, పాద్రీ అను పేళ్లతో, జూనియరు కమిషన్డు అధికారుల హోదాతో. పూజలు ప్రార్థనలు నడుపుటయే గాక, దుఃఖితుడైన జవానును కూర్చుండబెట్టుకొని మాటలాడుటయు వారి విధులలోనిదే. పుణె నగరమున జాతీయ సమైక్యతా సంస్థయందు వారికి శిక్షణమిత్తురు. ఇవన్నియు గాక, ఇద్దరిద్దరు జవానులను జతపరచి, ఒకని బాగోగులకు మరియొకనిని బాధ్యునిగా చేయు సంప్రదాయమొకటి కలదు. దానిని బడ్డీ జత యందురు. నా యభిప్రాయమున ఈ ఏర్పాట్లన్నిటిలో అమూల్యమైనది ఈ కడపటిదే. ఏలయన, తనకు జబ్బు చేసినదని మనస్సు తనంతట తాను చెప్పుకొనదు. పక్క మంచము మీదివాడు చెప్పవలెను.

మా బంధువర్గములో పదవీవిరమణ చేసిన సుబేదారొకరు కలరు. ఇరువదియెనిమిది సంవత్సరములు కొలువు చేసిన ఆయన యుద్ధపు కథలు అడిగిన చెప్పరు. అడుగకున్నను చెప్పినది ఒక్కటే కథ. మంచుకొండలమీద ఎత్తైన ఒక ఠాణాలో ఆయన క్రింద గిద్దలూరు ప్రాంతపు కుర్రవాడొకడుండెను. చలికాలమున దారులు మూసికొనిపోవును. హెలికాప్టరు వచ్చిననే ఉత్తరము, హెలికాప్టరు వచ్చిననే కూరగాయ. ఆ కుర్రవాడు పనిలో లోపము చేయలేదు, ఎవరితోను తగవు పడలేదు. చేసిన తప్పు ఒక్కటే, మరీ మంచివాడైనాడు. ఇతరుల కాపలా వంతులు తానడిగి పుచ్చుకొనసాగెను. పళ్లెములో రొట్టెలు సగము మిగిల్చి, పళ్లెమును రెండేసి మారులు తోమసాగెను. ఇంటితో మాటలాడు వంతు వచ్చినప్పుడు దానిని వేరొకనికి ఇచ్చివేయసాగెను. మూడవ లక్షణము చూచిన రాత్రియే సుబేదారుగారు అతనిని తన గుడారములోనికి పిలిచి, బుఖారీ ప్రక్కన కూర్చుండబెట్టి, టీ గ్లాసు చేతికిచ్చిరి. బుఖారీ యనగా కిరోసినుతో మండు ఇనుప పొయ్యి. ఆ కొండలమీద అదియే నడిల్లు.

"నేనేమీ అడగలేదు" అని ఆయన నాతో చెప్పిరి. "ఏం అబ్బాయ్, ఏమైందని అడిగితే, ఏం లేదు సాబ్ అంటాడు. అంతే, తలుపు పడిపోద్ది. అందుకని నా బూట్లకు నూనె రాసుకుంటూ కూర్చున్నా. టీ అయిపోయింది. ఇంకో గ్లాసు పోశా. అదీ అయిపోయింది. అప్పుడన్నాడు, సాబ్, మా గట్టు దున్నేశారంట అని."

గట్టు దున్నివేసినది అతని పెదతండ్రి కొడుకులు. తండ్రి అడ్డుపోగా తోసివేసిరి. ముసలివాడు మంచము పట్టెను. ఈ సంగతి తల్లి చెప్పలేదు, ఊరి స్నేహితుడు ఫోనులో చెప్పెను. నేను అక్కడ ఉండియుంటేనా యను ఒక్క మాట ఆ కుర్రవాని తలలో ఇరువది దినములుగా గానుగెద్దువలె తిరుగుచుండెను. వినువాడు అనుభవము లేనివాడైనచో, దేశము కొరకు వచ్చినవానికి జానెడు గట్టు ఒక లెక్కయా యని ఉపన్యసించియుండును. సుబేదారుగారు రైతుబిడ్డ, ఆయన అడిగినది వేరు. ఎన్ని సెంట్లు పోయినవి? పట్టాదారు పాసుపుస్తకము ఎవరి పేర నున్నది? అడంగలులో సాగుదారుగా ఎవరిని వ్రాసినారు? ఎప్పుడైన సర్వే జరిగినదా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుచు చెప్పుచు ఆ కుర్రవాడు మొట్టమొదటిసారిగా ఏడ్చెనట. మరునాడు వైర్‌లెస్సుపై పటాలమునకు వార్త పోయెను. కమాండింగు అధికారి సంతకముతో జిల్లా కలెక్టరుకు లేఖ పోయెను. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు నకలు పోయెను. సర్వేయరు గొలుసు పట్టుకొని పొలమునకు వచ్చుటకు ఇంకను రెండు మాసములు పట్టినది. వ్యాజ్యము అంతటితో తీరలేదు, సుబేదారుగారు పదవీవిరమణ చేయునాటికిని నడుచుచునే యున్నది. "కానీ ఆ రాత్రి వాడు నిద్రపోయాడయ్యా. నిద్రపోయినవాడి కాపలా నేనే కాశాను" అని చెప్పి, ఆయన కండువాతో ముఖము తుడుచుకొనిరి.

భగవద్గీత ప్రథమాధ్యాయమున అర్జునుడు తన విషాదమంతయు వెళ్లగ్రక్కి, విల్లు విడిచి, రథములో చతికిలబడునంతవరకును శ్రీకృష్ణుడు అతని మాటకు అడ్డు చెప్పలేదు. పదునెనిమిది అధ్యాయముల గీతలో ఉపదేశమునకు ముందు అధ్యాయమంతటి మౌనమున్నది. గీతోపదేశమును గూర్చి మన పెద్దలు కొండలకొలది వ్యాఖ్యలు వ్రాసిరి. ఆ శ్రవణమును గూర్చి అంతగా వ్రాసినట్లు లేదు. మా సుబేదారుగారు గీత చదివినవారు కారు. కాని ఆ బుఖారీ ప్రక్కన బూట్లకు నూనె రాచుకొనుచు ఆయన చేసినది ఆ పనియే యని నేను దృఢముగా నమ్ముచున్నాను.

అయితే వినుట ఒక్కటియే చాలునా? చాలదని నా నిశ్చయము. ఓదార్పు మాటకు వెనుక ఒక కాగితము కదలవలెను. సైనికుని మనోవేదనకు మందు సగము పటాలములోనున్నను, తక్కిన సగము మన తహసీల్దారు కచేరిలోను, మన న్యాయస్థానములలోను, మన పోలీసు ఠాణాలలోను ఉన్నది. శాసనకర్తలు దీనిని ఎరుగకపోలేదు. సైనిక చట్టము 32వ సెక్షను ననుసరించి, జవాను తన వ్యాజ్యము నడుపుకొనుటకు సెలవుపై వచ్చినట్లు సైనికాధికారి ధ్రువపత్రము దాఖలు చేసినచో, సాధ్యమైనంతవరకు ఆ సెలవు దినములలోనే విచారించి తీర్పు చెప్పునట్లు న్యాయస్థానము ఏర్పాటు చేయవలెను. ఆ పత్రమునకు రుసుము లేదు. వీలుపడనిచో కారణములు వ్రాసియుంచి, అడిగినచో ఆ నకలును ఉచితముగా ఈయవలెను. 28వ సెక్షను ప్రకారము బాకీల డిక్రీకై జవాను జీతమును సివిలు కోర్టులు జప్తు చేయరాదు. 29వ సెక్షను ప్రకారము అప్పు నిమిత్తము అతనిని అరెస్టు చేయరాదు. యుద్ధ పరిస్థితులలోను, ప్రత్యేక పరిస్థితులలోను ఉన్న సైనికుడు కోర్టుకు హాజరు కాజాలనప్పుడు అతనిపై వ్యాజ్యము నిలిపివేయుటకు 1925లోనే భారత సైనికుల వ్యాజ్యముల చట్టము వచ్చినది. నూరేండ్ల నాటి ఆ చట్టమును గూర్చి వినని జవాను తలిదండ్రులు మన పల్లెలలో ఎందరో కలరు. ఈ 32వ సెక్షను పేరెత్తినప్పుడు, అటువంటిదొకటి కలదా యని నన్నే తిరిగి ప్రశ్నించిన గుమాస్తాను నేను చూచితిని.

తాడేపల్లిగూడెము చేరువన మాధవరమను గ్రామము కలదు. రెండు ప్రపంచ సంగ్రామములకును బిడ్డలను పంపిన ఆ ఊరిని జనులు మిలిటరీ మాధవరమనియే పిలుతురు. ఇల్లిల్లును ఏదో యొక తరమున సైన్యమునకు మనిషిని ఇచ్చినదే. అటువంటి ఊరిలో జవాను భార్య ఒంటరి కాదు. ఆమెకు కష్టము వచ్చినచో ఏ ఆఫీసునకు పోవలెనో, ఏ కాగితముపై ఏమి వ్రాయవలెనో చెప్పు విశ్రాంత సైనికులు అరుగరుగునను ఉందురు. కాని శ్రీకాకుళములోనో, కంభములోనో, నల్లగొండలోనో, ఊరంతటికి ఒక్కడే సైన్యమునకు పోయిన పల్లెను తలచికొనుడు. ఆ యింటి కోడలి మాటయేమి?

ఆమె మాట వేరుగా చెప్పక తప్పదు. సైనికుల ఓదార్పును గూర్చి మాటలాడువారు తరచుగా ఆమెను సమస్యగా చూతురు. ఆమె పోరు వలననే జవాను మనస్సు చెడినదందురు. నేనీ మాటను అంగీకరింపను. ఇరువది రెండేండ్ల పిల్ల, పెండ్లియైన ఇరువదవ దినమున భర్తను బండి యెక్కించి, ఎరుగని ఇంటిలో ఎరుగని వారి నడుమ నిలిచి, బిడ్డను కని, జ్వరము వచ్చిన రాత్రి ఆ బిడ్డను ఎత్తుకొని ఆటో కొరకు రోడ్డుమీదికి పరుగిడినప్పుడు, ఆమెది సమస్య కాదు, అదియును కొలువే. పూర్వము ఉత్తరము వచ్చుటకు పది దినములు పట్టెడిది. కోపముతో వ్రాసిన మాట చేరునప్పటికి కోపము చల్లారియుండెడిది. నేడు అత్తాకోడళ్ల తగవులో తొలిమాట సగములో నుండగనే ఫోను మ్రోగి, మంచుకొండమీద తుపాకితో నిలుచున్నవాడు ఇద్దరి ఏడ్పును ఒక్కసారిగా వినును. విని, ఏమియు చేయలేక, ఫోను జేబులో పెట్టుకొని, చీకటిలోనికి చూచుచు నిలుచును. జవాను భార్య పిల్లల పోషణకై జీతము నుండి కొంత మినహాయించి వారికి నేరుగా ఇప్పించు అధికారము సైనిక చట్టము 91వ సెక్షనునందున్నది. నిర్లక్ష్యమునకు గురియైన ఇల్లాలు పటాలమునకు స్వయముగా వ్రాసికొనవచ్చును. సైనికాధికారుల భార్యలు, జవానుల భార్యలు కూడిన సైనిక భార్యల సంక్షేమ సంఘము పటాలములందు ఇట్టి స్త్రీల మంచిచెడ్డలను విచారించుచుండును. కాని పటాలపు నివాసములకు దూరముగా అత్తవారి పల్లెలో మిగిలిన ఇల్లాలికి ఆ చేయి అందదు. అందవలసినది మన చేయి.

చివరకు ఒక పెద్ద అడ్డంకిని గూర్చి చెప్పవలెను. అది నామోషీ. కాలు విరిగినచో చూపించుకొను జవాను, మనస్సు విరిగినచో దాచుకొనును. సైన్యమున ప్రతివాని ఆరోగ్యమును షేప్ అను ఐదక్షరముల మాటతో కొలుతురు. చెవి, అవయవములు, దేహము, కన్ను వీనికి ఒక్కొక్క అక్షరము. అన్నిటికంటె ముందున్న ఎస్ అను అక్షరము మనస్సునకు. మనస్సునకు ప్రథమస్థానమిచ్చిన ఆ కొలమానమే జవానుకు భయకారణమైనది. ఆ అక్షరము క్రింద అంకె మారినచో తక్కువ కేటగిరీ యగుదుననియు, పదోన్నతి పోవుననియు, తోటివారు పిచ్చివాడందురనియు అతడు నోరు మెదపడు. ఈ భయము నిరాధారమని నేను అనజాలను. కాని నిద్రపట్టని తొలి వారమున మనసువిప్పి మాటలాడినవానికి పలుమారు కేటగిరీ ప్రసక్తియే రాదు. ఆరు మాసములు దాచినవానికే అది వచ్చును. వినిన మాటను గుండెలో దాచుకొను మనిషి ప్రతి పటాలమునను ఉన్నాడన్న నమ్మకము కలిగించుట అధికారుల విధి. ఒక్కమారు ఆ మాట మెస్సులో నవ్వుగా బయటపడినచో, ఆ పటాలమున మరి పదేండ్ల వరకు ఎవ్వడును నోరు తెరువడు.

చట్టము కూడ ఈ విషయమున మెత్తబడినది. ప్రాణము తీసికొనుటకు యత్నించినవానిని నేరస్థునిగా కాక, తీవ్రమైన మానసిక వ్యథకు లోనైనవానిగా భావింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షను నిర్దేశించినది. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము టెలీ మానస్ అను పేర మానసిక సహాయమునకై ఒక టెలిఫోను సేవను ప్రారంభించెను. 2023 డిసెంబరులో సైనికుల కొరకును, వారి కుటుంబముల కొరకును పుణె సాయుధదళముల వైద్యకళాశాలయందు దానికి ప్రత్యేక విభాగమేర్పడినది. ఆ సేవ సంఖ్య 14416. రుసుము లేదు. తెలుగులో మాటలాడవచ్చును.

శ్రోతలారా, మీ ఊరినుండి సైన్యమునకు పోయినవాని ఇల్లు ఏదో మీకు తెలియును. అతడు సెలవుపై వచ్చినప్పుడు, సరిహద్దున ఎన్ని తుపాకులు ప్రేలినవని అడుగకుడు. ఎన్నాళ్ల సెలవు, ఏ కచేరిలో ఏ పని యున్నదని అడుగుడు. గుమాస్తాలైనచో అతని కాగితమును అందరికంటె ముందు తీయుడు. వకీళ్లైనచో 32వ సెక్షను ధ్రువపత్రమును గూర్చి అతనికి చెప్పుడు. పొరుగువారైనచో, అతడు లేనినాడు అతని తండ్రితోపాటు గట్టుమీదికి నడువుడు. అతని బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి ఆ యింటి తలుపు తట్టుడు. అతని తల్లికి మీరు ఉత్తరము వ్రాసిపెట్టవలసి వచ్చినను, ఫోను కలిపి ఈయవలసి వచ్చినను, గేదె చనిపోయినచో చనిపోయినదనియే చెప్పింపుడు. ఆ వెంటనే, తక్కిన వారందరును కుశలముగా నున్నారని కూడ చెప్పింపుడు.